సీసా మీద అంకె

భూమక్క పోయి పన్నెండు రోజులైంది. కోడలు పద్మలతకు సొంత చెల్లెలై ఉండి కూడా ప్రణీత నిన్నటి దినాల కర్మకు రాలేదు. ఎందుకు రాలేదో పోయిన వారం చదివినవారికి తెలుసు. నాగిరెడ్డిపేటలోని ఆ ఇంటికే ఇంకా తెలియదు.

ప్రణీత కామారెడ్డిలో ఒక డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరర్. చుట్టుపక్కల జిల్లాల్లో తయారయ్యే ఎర్ర వైన్లు తెప్పించి, ఒక్కో దాంట్లో యాంటీ ఆక్సిడెంట్లు ఎన్ని ఉన్నాయో కొలవడం రెండేళ్లుగా ఆమె చేస్తున్న పరిశోధన. ద్రాక్ష తొక్కలోంచి వైన్లోకి దిగే ఆ పదార్థాలు ఒంటికి మేలు చేస్తాయని చాలామంది నమ్మకం. మొత్తం పదకొండు సీసాలు. వాటిలో ఒకటి అక్క మొగుడు శైలేందర్‌ది. అతను ఎనిమిదేళ్లు బహ్రెయిన్‌లో పనిచేసి వచ్చాడు. పోచారం కాలువ నీళ్లు ఎక్కని చెలకలో రెండెకరాలు ద్రాక్ష పెట్టాడు. లైసెన్సు తెచ్చుకుని ఆ చెలక పక్కనే రేకుల షెడ్డులో వైన్ తయారు చేస్తున్నాడు.

మొదటి పరీక్షలో అతని సీసాకు లీటరుకు రెండువేల తొమ్మిదివందల పది మిల్లీగ్రాములు వచ్చాయి. పదకొండింటిలోనూ అదే ఎక్కువ. ఇంకో పరీక్ష మిగిలి ఉండగానే, సంతోషం ఆపుకోలేక ప్రణీత బావకు ఫోన్ చేసి చెప్పేసింది. ఉగాదికల్లా ఆ అంకె సీసాల మీద అచ్చయి ఉంది. దాని కింద 'గుండెకు మేలు' అన్న మాట కూడా.

మిగిలిన ఆ ఒక్క పరీక్ష వెనకబడుతూ వచ్చింది. దానికి కావలసిన పొడి హైదరాబాదు నుంచి ఆలస్యంగా వచ్చింది. ఆ తర్వాత డిగ్రీ పరీక్షలు, పేపర్లు దిద్దడం. చివరికి నాలుగు రోజుల కిందట చేసింది. ద్రాక్ష గుణాన్నంతా ఆ పొడి పీల్చేసుకోవాలి. మిగిలిన తేటలో మందు చుక్క వేస్తే రంగు మారకూడదు. పది సీసాల తేట దాదాపు మారలేదు. శైలేందర్ సీసాది మాత్రం చిక్కటి నీలమైంది. అంటే మొదటి పరీక్షలో తను కొలిచినదాంట్లో సగానికి పైగా ద్రాక్షది కానే కాదు. వైన్ రంగు చెడకుండా విటమిన్ సి పొడి కలిపానని శైలేందర్ తనతో చెప్పనే చెప్పాడు. తనే రాసుకోలేదు, తనే మరిచిపోయింది.

అంకె తప్పడం ఒక్కటే అయితే దినాలకు ముఖం చాటేసేంత భయం ఉండేది కాదు. గుండె జబ్బుకు రోజూ మాత్రలు వాడే భూమక్క మే నెలలో ఫోన్లో అన్న ఒక మాట ఉంది. "నీ పుణ్యమా అని నాకు గోలీల పీడ పోయింది బిడ్డా" అని నవ్వింది. ముసలావిడ హాస్యమాడుతోందనుకుని ప్రణీత కూడా నవ్వింది. నీలమెక్కిన ఆ పరీక్షనాళికను చేతిలో పట్టుకుని నిలబడ్డప్పుడు, ఆ మాట ఆమెకు మళ్లీ వినిపించింది.

అందుకే ఈ ఉదయం కామారెడ్డిలో బస్సెక్కి, ఎల్లారెడ్డిలో మారి, పదిన్నరకు నాగిరెడ్డిపేటలో దిగింది. దారి పొడవునా నాట్లు పడుతున్నాయి. పోచారం కింది మళ్లలో ఆడవాళ్లు వరుసగా వంగి ఉన్నారు. పోయినేడు ఇదే రోజుల్లో వచ్చినప్పుడు భూమక్క గట్టు మీద నిలబడి, పంతుళ్ల పిల్ల వచ్చింది చూడుండ్రని కూలీలకు చూపించింది. లెక్చరర్ అన్న మాట నోరు తిరగక ప్రణీతను పంతుళ్ల పిల్ల అనేది. ప్రణీత కిటికీలోంచి తల తిప్పేసుకుంది.

వాకిట్లో టెంటు కర్రలు పాతిన గుంతలు ఇంకా పూడ్చలేదు. పద్మలత గోడవారన కూర్చుని, నిన్నటి వంటకు తీసిన సొంత గిన్నెలు తోముతోంది. చెల్లెల్ని చూసి చేతులు కడుక్కుంది గానీ లేవలేదు.

"నిన్న ఏమైంది నీకు?" అంది. "అందరు అడిగిన్రు. అమ్మనేమో కాలేజీల డ్యూటీ పడ్డదని ఒకలకు, జొరమొచ్చిందని ఇంకొకలకు చెప్పుకుంట తిరిగింది. ఇద్దరు ఒక్క జాగల కలిసి నన్నే అడుగవట్టిరి."

"తప్పయింది అక్కా. బావ ఏడి?"

"ఎల్లారెడ్డి పోయిండు, ట్రాలీ ఏసుకోని. టెంటోళ్ల డేగిసలు, కుర్చీలు అప్పజెప్పి వస్తనన్నడు. తిన్నవా?"

"తర్వాత తింట. మామ ఏడున్నడు?"

"లోపల పన్నడు. నిన్నటి సంది మాట లేదు, పలుకు లేదు. బువ్వ ముందల పెడితె రెండు బుక్కలు తిని చెయ్యి కడుక్కుంటున్నడు."

ప్రణీత అక్క పక్కనే, తడి నేల మీదే కూర్చుంది. దారంతా కూడబలుక్కున్న మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు.

"అక్కా, బావ వైనుకు నేను చెప్పిన అంకె తప్పు."

"ఏ అంకె?"

"సీసల మీద ఏసింది. గంత లేదు. పదకొండు వందల నలభై ఉన్నది. పదకొండిట్ల ఏడోది. నేను ఇంకో పరీక్ష చెయ్యకముందే తొందరపడి చెప్పిన."

పద్మలత కాసేపు చెల్లెలి ముఖంలోకి చూసింది. తర్వాత ఆమె ముఖం తేలికపడింది. దాన్ని చూడడం ప్రణీతకు ఇంకా కష్టమైంది.

"గింతదానికా నువ్వు నిన్న రాకపోయింది? పిచ్చిదానివా ఏంది! సీసల మీది కాయితం మారుస్తడు, అంతే గదా. ఇంట్ల మనిషి పోయినంక గా అంకె ఉంటె ఎంత, లేకుంటె ఎంత?" అని చెల్లెలి మోకాలి మీద తడి చెయ్యి వేసింది. "ఏడ్వకు. లెవ్, చాయ్ పెడ్త."

"అత్తమ్మ గోలీలు రోజు ఏసుకున్నదా అక్కా?"

పద్మలత చెయ్యి అలాగే ఆగిపోయింది.

"ఏసుకోకపోవుడేంది? నా చేత్తోనే ఇచ్చిన. పొద్దున రెండు, మాపటికి ఒకటి. ఒక్కనాడు తప్పలే. ఎందుకు గట్ల అడుగుతున్నవు?"

ప్రణీత చెప్పింది. మేలో వచ్చిన ఫోను సంగతి, గోలీల పీడ పోయిందన్న మాట, తను నవ్వి ఊరుకోవడం అంతా చెప్పింది. పద్మలత వింటున్నంతసేపూ కాదు కాదని తల అడ్డంగా ఊపుతూనే ఉంది. నీళ్ల గ్లాసు పట్టుకుని ఎదురుగా నిలబడి ఇచ్చానంది. మింగినవా అత్తమ్మా అని అడిగితే, మింగిన అని అనేదంది. నోట్లో వేసుకోవడం తన కళ్లారా చూశానంది.

"మింగలేదు బిడ్డా."

ఇద్దరూ తిరిగి చూశారు. గుమ్మంలో ఎంకయ్య నిలబడి ఉన్నాడు. భూమక్క భర్త, అరవై ఎనిమిదేళ్ల మనిషి. ఎప్పుడు లేచి వచ్చాడో, ఎంత విన్నాడో తెలియదు. చేతిలో పాత బిస్కెట్ డబ్బా ఉంది. మెల్లగా వచ్చి అరుగు మీద కూర్చుని, డబ్బాను కోడలి ముందుకు జరిపాడు.

పద్మలత మూత తీసింది. లోపల సగం దాకా గోలీలు. తెల్లవి, గులాబీ రంగువి. విడివిడిగా లేవు. నోట్లో తడిసి, కొంగులో ఆరి, ఒకదానికొకటి అతుక్కుపోయాయి. గులాబీ రంగు కారి తెల్లవాటికి అంటుకుంది.

"పోయిన నెల చూసిన," అన్నాడు ఎంకయ్య. "నాలిక కింద పెట్టుకునేది. నువ్వు అటు తిరుగంగనే కొంగుల ఉమిసేది. ఇదేందే భూమీ అన్న. నా చెయ్యి గుంజి ఆమె నెత్తి మీద పెట్టుకున్నది. ఎవ్వలికి చెప్పినా నా మీద ఒట్టే అన్నది."

"ఎందుకు మామా?" అంది పద్మలత. "ఎందుకు గట్ల చేసింది?"

"గా నీళ్ల గోలీ ఏసుకుంటె గడియకోపాలి ఒంటికి లేవాలె. నాట్లల్ల సిగ్గు, బస్సెక్కితె సిగ్గు. ఆడామెనాయె, ఎవలికి చెప్పుకుంటది? అదొకటి." ఎంకయ్య అరచేతుల్లోకి చూసుకున్నాడు. "ఇంకోటి శైలు గురించి. పిల్లగాడు గా చెలకల రాళ్లు ఏరి ఏరి తోట పెట్టిండు. ఊరోళ్లు ఏమన్నరో నీకెర్కే గదా. బహ్రెయిన్ పోయి సారబట్టి పెట్టుడు నేర్చుకోనొచ్చిండని నవ్విన్రు. భూమక్క మొఖం మీదనే అన్నరు. వాని మందు తాగి, గోలీలు లేకుండ, నేను ఊరంత తిరుగుత, అప్పుడు ఎవలు నవ్వుతరో చూస్త అన్నది. గదీ మందే, గిదీ మందే, రెండెందుకు అన్నది."

ప్రణీత చేతులతో ముఖం కప్పుకుంది.

"నేను సుత నమ్మిన బిడ్డా," అన్నాడు ఎంకయ్య ఆమెవైపు తిరిగి. ఆ గొంతులో నిష్ఠూరం లేదు. "మనింటి ద్రాక్ష. మనింటి పిల్ల మిషన్ల పెట్టి చూసి చెప్పిన మాట. నమ్మకుంటె ఎట్ల?"

ఆయన తిట్టి ఉంటే ప్రణీత తట్టుకునేది. ఆ మాటకు మాత్రం ఆమె గుండె చెరువైంది. తను ఇంత దూరం చెప్పడానికి వచ్చింది అంకె గురించి కాదని ఆమెకే తెలిసింది.

"మామా, గా అంకె నిజమే అయినా గోలీలకు బదులు తాగేది కాదు. ఏ వైనూ గోలీల పని చెయ్యది. నాకు తెలుసు. గుండెకు మేలని రాయిస్తున్న, రాయించాల్నా వద్దా అని బావ నన్ను అడిగిండు. వద్దని చెప్పాలె నేను. నీ ఇష్టం బావా అని నవ్విన. మా అక్కోళ్ల వైను ఫస్టొచ్చిందని కాలేజీల అందరికి చెప్పుకుంట తిరిగిన. నేను వద్దంటె బావ రాయించకపోయేటోడు. అత్తమ్మ తాగకపోయేది."

పద్మలత ఆ మాటలు విన్నదో లేదో. డబ్బాలో చెయ్యి పెట్టి, అతుక్కున్న గోలీలను ఒక్కొక్కటిగా విడదీస్తోంది. విడదీసి మళ్లీ అందులోనే వేస్తోంది. ఉన్నట్టుండి తలెత్తింది. మామ వైపు చూసింది.

"అత్తమ్మ పోయిననాడు దవాఖానల డాక్టరు మూడుసార్లు అడిగిండు. గోలీలు బరాబర్ ఏస్తున్నరా అమ్మా అని. ఏస్తున్నం సారూ, నా చేత్తోనే ఏస్తున్న అని చెప్పిన. మూడుసార్లు చెప్పిన. నువ్వు తలుపుకాడనే ఉన్నవు మామా."

ఎంకయ్య ముఖం తిప్పుకున్నాడు.

"ఉన్నవా లేవా?"

"ఉన్న."

"ఉండి?"

"ఉండి ఊకున్న." ఆయన కళ్లు తుడుచుకోలేదు. నీళ్లు గడ్డం దాకా జారాయి. "ఒట్టుకు కాదు బిడ్డా. ఒట్టంటె అబద్ధమైతది. నెల రోజుల సంది తెలిసి చెప్పలేదని శైలు నన్నేమంటడో అని భయమైంది. జర సేపు ఆగి డాక్టరుకు ఒక్కనికే చెప్పుత, పక్కకు పిలిచి చెప్పుత అనుకున్న. గా జర సేపట్లనే పాయె."

పద్మలత డబ్బా మూత పెట్టబోయింది. మూత కుదరలేదు. కింద పెట్టి, పైటకొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అత్త పోయిన రోజు కూడా ఆమె అలా ఏడవలేదు. వచ్చేవాళ్లకు మర్యాదలు, వంటలు, శైలేందర్ను పట్టుకుని కూర్చోవడం, వీటితోనే సరిపోయింది. పెళ్లై వచ్చిన ఈ పదకొండేళ్లలో భూమక్క ఆమెను ఒక్క మాట అన్నది లేదు. తలకు నూనె పెట్టి జడ వేసింది కూడా భూమక్కే. అంత నమ్మిన మనిషి, రోజుకు రెండుసార్లు తన ముందు కూర్చుని తనను మోసం చేసింది.

ప్రణీత దగ్గరికి జరిగితే పద్మలత భుజం విదిలించింది.

"ముట్టకు నన్ను. నువ్వు మంచిగ చదువుకున్నవు. నీ మాటంటె ఈ ఇంట్ల దేవుని మాట. జర చూసుకోని చెప్పొద్దా?"

"చూసుకోనే చెప్పాల్సింది అక్కా."

"ఇప్పుడొచ్చి చెప్తున్నవు. చెప్తె లేస్తదా ఆమె?"

వీధిలో ట్రాక్టరు ఒకటి నారు కట్టలేసుకుని పోయింది. పద్మలత ముఖం తుడుచుకుంది. మళ్లీ మాట్లాడినప్పుడు ఆమె గొంతులో కోపం లేదు, బతిమాలడం ఉంది.

"ఒక్కటి విను. ఆయనకు చెప్పకు. నీ కాళ్లు మొక్కుత. తల్లి పోయిందన్న దుఃఖం మోస్తడు, మెల్లగ మరిచిపోతడు. తన సీసనే తల్లిని తీస్కపోయిందంటె మోయలేడు. అసలే రాత్రులు నిద్రపోతలేడు. కాయితం మార్పియ్యి, అంకె తప్పయిందని చెప్పు, అంతవరకే చెప్పు. గోలీల ముచ్చట మన ముగ్గురి నడుమనే పోనీ. మామా, నువ్వన్న చెప్పు దానికి."

ప్రణీత నిజం చెప్పాలనే వచ్చింది. అక్క ముఖం చూస్తే ఆ పట్టుదల కరిగిపోతోంది. బావ గుండు చేయించుకున్న తల, పాడె ముందు నిప్పుకుండ పట్టుకుని నడిచినప్పటి అతని వంగిన భుజాలు కళ్లముందు మెదిలాయి. ఎవరికి మేలు చేయడానికి చెప్పాలి? తన గుండె బరువు దించుకోవడానికా?

సరేనని ఆమె అనబోతుండగా, ఎంకయ్య గోడ పట్టుకుని లేచి నిలబడ్డాడు.

"శైలుకు చెప్పకుంటె మంగవ్వ సంగతెట్ల?"

"చిన్నత్తకేమైంది?" అంది పద్మలత.

మంగవ్వ భూమక్కకు తోడబుట్టిన చెల్లెలు. మొగుడు పోయాక ఎల్లారెడ్డిలో ఒక్కతే ఉంటోంది. అక్కకు ఉన్న గుండె జబ్బే ఆమెకూ ఉంది.

"నీ అత్త ఒక్కతే తాగిందనుకున్నవా?" అన్నాడు ఎంకయ్య. "బస్సుల పోయినప్పుడల్లా సంచిల రెండు సీసలు పెట్టుకోని పోయేది. చెల్లెకు సుత గోలీలు బంద్ చేపిచ్చింది. నాతోనే చెప్పింది. ఇద్దరం ఒక్కతీరుగ ఉన్నమని నవ్వింది."

పద్మలత చెయ్యి తన నోటి మీదకు పోయింది. నిన్న దినాల్లో మంగవ్వ గోడకు ఒరిగి కూర్చుని లేవలేకపోవడం ఆమెకు గుర్తొచ్చింది. దుఃఖమనుకున్నారు అందరూ.

"కాళ్లు ఉబ్బినయి మామా," అంది నెమ్మదిగా. "బస్సుకు పోయేటప్పుడు చెప్పులు పట్టలే. చేతుల పట్టుకోని పోయింది. నేనే సాగదోలిన."

ప్రణీత అప్పటికే ఫోన్ తీసింది. మంగవ్వ నంబరు పద్మలత చెప్పింది. మోగింది, ఎత్తలేదు. మళ్లీ చేసింది. మూడోసారీ అంతే. ఇక ఆలోచించడానికేమీ లేకుండా శైలేందర్‌కు చేసింది.

"బావా, ఏడున్నవు?"

"టెంటోళ్ల దుకాణంకాడ. వచ్చినవా? మీ అక్క నిన్న నీ కోసం చూసి చూసి..."

"బావా, జర చిన్నమ్మ ఇంటికాడికి పోయి చూడు. ఫోన్ ఎత్తుత లేదు."

"రెండు గల్లీల అవతలనే గదా. పోయి చేస్త," అని పెట్టేశాడు.

ముగ్గురూ అరుగు మీద కూర్చున్నారు. ఎంకయ్య పెదవులు కదులుతున్నాయి, దేవుడికి మొక్కుతున్నాడో భూమక్కతో మాట్లాడుతున్నాడో. పావుగంట గడిచింది. ఫోన్ మోగగానే ప్రణీత స్పీకర్ నొక్కింది. వెనకాల ట్రాలీ ఇంజను చప్పుడు గట్టిగా వినిపిస్తోంది.

"ఇంటికి తాళమున్నది," అన్నాడు శైలేందర్. "తెల్లారంగ దమ్ము తీసుకోరాలేదంట. పక్కింటోళ్లు ఆటోల కామారెడ్డి దవాఖానకు తీస్కపోయిన్రంట. గిటునుంచి గిటే పోతున్న నేను. వాళ్లతోని ఫోన్ల మాట్లాడిన. గోలీలు ఏమేం ఏసుకుంటదని డాక్టరు అడుగుతున్నడంట. దినాం ఏసుకుంటదని చెప్పుమన్న."

పద్మలత చెల్లెలి మణికట్టును గట్టిగా పట్టుకుంది. గోళ్లు దిగాయి. వద్దన్నట్టు తల ఊపింది. ఆ కళ్లలోనే మళ్లీ ఏదో కలవరం. చెప్పవద్దనో, చెప్పమనో ఆమెకే తెలియడం లేదు.

"ప్రణీతా," అన్నాడు శైలేందర్. అతని గొంతు మారింది. "నిన్న మా కండ్ల ముందలనే ఉన్న మనిషి. నువ్వేమో నిన్న రానే రాలే. చిన్నమ్మకు పానం బాగలేదని నీకెట్ల తెలిసింది?"

ప్రణీత అక్క చేతిని మెల్లగా విడిపించుకుంది.

"బండి పక్కకు ఆపు బావా. చెప్పేది నిలబడి విను. విన్నంక ముందు డాక్టరుకు ఫోన్ చెయ్యి, నన్ను తర్వాత ఏమన్నా అను."

అవతల ఇంజను ఆగిపోయింది.